పన్నెండు గీజర్లు తీసి ఒక్క హీట్ పంప్: నల్గొండ హాస్టల్ ప్రాజెక్టు డైరీ

నవంబర్ మొదటి వారం

పని నల్గొండలో, రామగిరి వైపు ఒక లేడీస్ హాస్టల్‌లో. మూడంతస్తులు, అరవై మంది ఆడపిల్లలు, పన్నెండు బాత్రూములు, బాత్రూముకో గీజర్. ఒక్కోటి 2 కిలోవాట్లు. పొద్దున ఆరింటికి అన్నీ వేస్తే 24 కిలోవాట్ల లోడు. మెయిన్ ట్రిప్ అవుతుంది, వార్డెన్ కిందికి ఉరికి ఎత్తుతుంది, మళ్లీ ట్రిప్. ఓనర్ మేడం నన్ను పిలిచింది కాలిపోయిన గీజర్లు మార్చడానికి. ఎన్నిసార్లు మార్చినా ఇదే కథ అని చెప్పి, హీట్ పంప్ సంగతి నేనే ఎత్తాను.

నమ్మకం కుదరాలని ఒక గీజర్ అక్కడికక్కడే విప్పాను. ఫ్లాంజ్ బోల్టులు ఊడాయి గానీ ఎలిమెంట్ బయటికి రాలేదు. స్క్రూడ్రైవర్‌తో చుట్టూ పొడిచాను. తెల్లటి పెంకులు రాలాక, బొటనవేలంత లావున సున్నం కట్టిన రాడ్డు బయటపడింది. ట్యాంకు అడుగున కూడా అవే పెంకులు, బెత్తెడు మందం. మేడం ఒక పెంకు చేతిలోకి తీసుకుని, "గిది తాగే నీళ్లల్ల గూడ ఉంటదా?" అంది. తాగేవి మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు మేడం, ఇవి బోరు నీళ్లు అన్నాను. ఆ తేడానే తర్వాత డిజైన్ మొత్తాన్ని నడిపించింది.

హీట్ పంప్ అంటే ఏమిటో చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాదు. ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెట్టి చూడమంటాను. లోపలి వేడి బయటికి వస్తోంది కదా, అట్లాగే ఈ మెషీన్ డాబా మీది గాలిలోని వేడిని లాగి నీళ్లలో వేస్తుంది. నా దగ్గర హెల్పర్‌గా ఉన్న పిల్లగాడికి మాత్రం అనుమానం తీరలేదు. "మంట లేదు, రాడ్డు లేదు, నీళ్లెట్ల కాగుతయన్నా?" కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఎవాపరేటర్ అన్నీ వాడికి తెలిసినవే. ఏసీలో మనం పారేసే వేడిని ఇక్కడ దాచుకుంటాం, దాచుకునే చల్లదనాన్ని ఇక్కడ పారేస్తాం, అంతే తేడా. గీజర్‌లో ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి. ఇందులో ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి. మిగతాది గాలి పెట్టుబడి.

అదే వారం, ఆదివారం రాత్రి

మా అక్క కొడుకు ఇంగ్లండ్‌లో హీటింగ్ పని చేసే ఒక టీమ్‌లో హెల్పర్. ఆదివారం ఫోన్ చేస్తే సగం మాటలు ఇవే. అక్కడ హీట్ పంప్ ఇల్లు మొత్తాన్ని వెచ్చగా ఉంచడానికి. నల్గొండలో ఆ అవసరం ఎవరికీ రాదు, ఆ పని ఎండ ఫ్రీగా చేసిపెడుతుంది. అక్కడ గ్యాస్ బాయిలర్ తీసి హీట్ పంప్ పెట్టుకునే ఇంటికి ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తుంది. 2023 అక్టోబర్ దాకా అది 5,000. కానీ ఎంసీఎస్ అని ఈ పనికి అక్కడిచ్చే సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలర్ పెడితేనే ఆ డబ్బు.

వాడు చెప్పిన వాటిలో నాకు పనికొచ్చింది ఒకటి. పాత బాయిలర్లు రేడియేటర్లకు 70 డిగ్రీల నీళ్లు పంపేవి. హీట్ పంప్‌ను అంత వేడికి ఉరికిస్తే కరెంటు తింటుంది, 45, 50 దగ్గర నడిపితేనే లాభం. నీళ్లు అంత వేడిగా లేనప్పుడు రేడియేటర్లు పెద్దవి కావాలి. అందుకని మెషీన్ ఆర్డర్ పెట్టేముందు గదిగదికీ కొలతలు తీసి, గోడలోంచి, కిటికీలోంచి ఎంత వేడి పోతుందో లెక్క కడతారట. "మామా, ఈడ బాయిలర్ మేస్త్రీలకు నీళ్ల పని తెలుసు, ఫ్రిజ్ గ్యాస్ పని తెల్వదు. మన దిక్కు ఉల్టా" అన్నాడు.

నిజమే. మన దగ్గర హీట్ పంప్ పెట్టేది ఏసీ మెకానిక్కులు. గ్యాస్ ప్రెషర్ చూడకుండానే పైపు పట్టుకుని చెప్పగలరు. నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో, ఏ ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో మాత్రం ప్లంబర్‌కి వదిలేస్తారు. ప్లంబరేమో మెషీన్ సంగతి తనకెందుకని వదిలేస్తాడు. ఈ ఇద్దరి మధ్య సందులోనే మెషీన్లు పాడవుతున్నాయి. నేను మొదట ఏసీ వాడినే. ఈ పనిలో నీళ్ల సైడు కూడా నేనే చూస్తానని, ప్లంబర్‌ను నా కిందే పెట్టుకుంటానని మేడంతో ముందే మాట తీసుకున్నాను.

నవంబర్ రెండో వారం: సైజు

ఒక డీలర్ ఫోన్లోనే తేల్చేశాడు. మనిషికి 50 లీటర్లు, అరవై మందికి 3,000 లీటర్ల ట్యాంకు. మనం కొంచెం కాగితం ఖరాబు చేద్దాం.

హాస్టల్లో స్నానం అంటే బకెట్ స్నానం. రెండు బకెట్లు, మొత్తం 40 లీటర్లు, 40 డిగ్రీల వేడి. చలికాలం పొద్దున ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ ఎక్కడానికి ఒక కిలో క్యాలరీ కావాలి కనుక ఒకరి స్నానానికి 800 కిలో క్యాలరీలు. ట్యాంకులో 55 డిగ్రీల నీళ్లుంటే ఒక్కో లీటరు 35 కిలో క్యాలరీలు మోసుకొస్తుంది. అంటే మనిషికి 23 లీటర్ల వేడినీళ్లు, మిగతాది చన్నీళ్లు. అరవై మందికి 1,380 లీటర్లు.

ఇక టైము. ఐదున్నర నుంచి ఎనిమిది దాకా అందరి స్నానాలూ అయిపోతాయి. 1,000 లీటర్ల ట్యాంకులో 800 లీటర్లు గట్టి వేడితో వస్తాయి, తర్వాత అడుగు నుంచి ఎక్కే చన్నీళ్లు కలిసిపోతాయి. 10 కిలోవాట్ల వేడినిచ్చే మెషీన్ ఆ రెండున్నర గంటల్లో 25 కిలోవాట్ అవర్లు (మీటరు లెక్కలో 25 యూనిట్లు), అంటే ఇంకో 600 లీటర్ల దాకా కాచి ఇస్తుంది. రెండూ కలిపి 1,400. సరిగ్గా సరిపోతుంది. మిగులు పెద్దగా లేదు, కావాలని పెట్టలేదు కూడా. 3,000 లీటర్ల ట్యాంకు పెడితే డాబా మీద మూడు టన్నులు మోయాలి, వాడని నీళ్లను ఏడాదంతా కాచి పెట్టాలి.

ఈ మెషీన్ లాగే కరెంటు 3 కిలోవాట్ల చిల్లర. 24 ఉన్నచోట 3. మేడం పడింది ఈ అంకెకే.

నీళ్ల పరీక్ష

బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న ఉప్పులన్నీ కలిపి, లీటరుకు 1,100 మిల్లీగ్రాములు చూపించింది. చుక్కలు లెక్కపెట్టే కిట్‌తో హార్డ్‌నెస్, అంటే సున్నం పాలు, చూస్తే 600 దాటింది. తాగే నీళ్లకు బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు 200, వేరే దారి లేకపోతే 600 దాకా. మున్సిపాలిటీ నీళ్లు టీడీఎస్ 310, హార్డ్‌నెస్ దాంట్లో సగానికి తక్కువ. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. దానివల్ల ఎముకలు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగిన జిల్లా కనుక అది సహజమే. కానీ స్నానానికి, మెషీన్‌కు ఫ్లోరైడ్ అడ్డు కాదు. మెషీన్‌కు శత్రువు సున్నం. నీళ్లు వేడెక్కే కొద్దీ సున్నం విడివడి గోడకు అంటుకుంటుంది, 60 దాటితే మరీ జోరుగా. గీజర్ రాడ్డు అయితే మందపాటిది, ఏడాదో రెండేళ్లో ఓర్చుకుంటుంది. హీట్ పంప్‌లో వేడి మారే చోట పేరుకుంటే మొదట బిల్లు పెరుగుతుంది, తర్వాత హై ప్రెషర్ కొట్టి మెషీన్ ఆగిపోతుంది.

అందుకని వేడి లైనుకు బోరు నీళ్లు వద్దన్నాను. డాబా మీద రెండు ట్యాంకులు ఎలాగూ ఉన్నాయి. మెట్ల గది స్లాబు మీద బోరు ట్యాంకు, దానికి మీటరున్నర కిందగా ఇనుప స్టాండు మీద మున్సిపాలిటీ ట్యాంకు. వేడినీళ్ల ట్యాంకును మున్సిపాలిటీ ట్యాంకుకు కలిపి, చన్నీళ్ల కుళాయిలు బోరు మీదే ఉంచేస్తే రోజుకు పోయేది 1,400 లీటర్ల మంచి నీళ్లు. నల్లా రోజు విడిచి రోజు వచ్చినా సంపులో నిల్వ ఉంటుంది.

మెషీన్

రెండు ముక్కలుగా వచ్చి, గ్యాస్ పైపులు మనమే కలుపుకునే స్ప్లిట్ వద్దు, అంతా ఒకే పెట్టెలో ఉండే మోనోబ్లాక్ అనుకున్నాను. గ్యాస్ సర్క్యూట్ అంతా ఫ్యాక్టరీలోనే సీలు చేసి వస్తుంది, మనం కలిపేది నీళ్ల పైపులు, కరెంటు మాత్రమే. డాబా మీద దుమ్ములో ఫ్లేర్ నట్లు బిగించి, వాక్యూమ్ 500 మైక్రాన్ల దాకా లాగి, లీకు చూసుకునే పని తప్పుతుంది. ఏసీ వాడిగా ఇది చెప్పడం కొంచెం బాధే, మన చేతిపని విలువ తగ్గినట్టే కదా. ఇంగ్లండ్‌లో బాయిలర్ మేస్త్రీలు ధైర్యంగా ఇటు మళ్లడానికి కూడా ఈ మోనోబ్లాకే దారి అని మావాడు అన్నాడు.

గ్యాస్ విషయంలో కాసేపు ఆగాను. ఆర్-410ఏ మెషీన్ తక్కువలో దొరుకుతుంది, కానీ దాని భూతాపం లెక్క, కార్బన్ డయాక్సైడ్‌ను ఒకటి అనుకుంటే, 2,088. ఆర్-32 ది 675. కిగాలీ ఒప్పందానికి మన దేశం 2021లో ఒప్పుకుంది, 2028లో ఈ గ్యాసుల వాడకం ఎక్కడున్నది అక్కడ ఆగాలి, 2032 నుంచి తగ్గాలి. మెషీన్ పదిహేనేళ్లు నడవాలంటే గ్యాస్ కూడా దొరుకుతూ ఉండాలి. ఆర్-290, అంటే ప్రొపేన్, లెక్క మూడే. యూరప్‌లో ఇళ్ల మెషీన్లు అటే పోతున్నాయి. కానీ అది మండే గ్యాస్. బీడీ నోట్లో పెట్టుకుని బ్రేజింగ్ చేసేవాళ్లు మా దగ్గర ఉన్నంతకాలం దానికి నేను చెయ్యెత్తను. ఆర్-32 తీసుకున్నాం.

ఇంకొకటి, మన దిక్కు మెషీన్ కొనేవాళ్లెవరూ చూడని గడి క్యాటలాగులో ఉంటుంది: ఎంత గాలి వేడి దాకా నడుస్తుంది అని. చలి దేశాలకు చేసిన వాటిలో కింది హద్దు మైనస్‌లో గొప్పగా రాసి, పై హద్దు 43 దగ్గర ఆపేస్తారు. నల్గొండ మే నెలలో నీడలోనే 44 చూస్తాం, డాబా మీద సంగతి చెప్పక్కర్లేదు. 48 దాకా నడిచేది వెతికి పట్టుకునేసరికి వారం పోయింది.

డిసెంబర్ మొదటి వారం: ఫిట్టింగ్

ట్యాంకు నిండితే టన్నుంపావు. స్లాబు మధ్యలో పెట్టొద్దు, కింద పిల్లర్లు ఎక్కడున్నాయో చూసి బీముల మీదే దిమ్మెలు కట్టించాం. మేస్త్రి ఇది చెప్పకముందే చేశాడు.

డాబా మూలన పాత సోలార్ హీటర్ స్టాండు ఇంకా ఉంది, గాజు గొట్టాలు ఒక్కటీ లేవు. సగం సున్నానికి పోయాయి, సగం కోతులకు. లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు నుంచి మందలు మందలుగా వస్తాయి. నైట్రైల్ రబ్బరు ఇన్సులేషన్ కోతి చేతికి దొరికితే సాయంత్రానికి ముక్కలే. వేడి పైపులన్నిటికీ రబ్బరు తొడిగి, పైన అల్యూమినియం రేకు చుట్టి రివెట్లు కొట్టాం. మెషీన్ చుట్టూ వెల్డ్ మెష్ పంజరం. మెష్ కన్ను పెద్దది ఉండాలి, కాయిల్‌కు అడుగున్నర దూరం ఉండాలి, లేకపోతే గాలి అందదు. ఈ పంజరం ఖర్చు కొటేషన్‌లో రాస్తే వేరే జిల్లాల వాళ్లు నవ్వుతారు. మా దగ్గర అది సేఫ్టీ వాల్వ్ అంత అవసరం.

నీళ్ల సైడు సామాన్లు: మెషీన్ ముందు చెత్త ఆపే జాలీ (వై-స్ట్రెయినర్), రెండు వైపులా బాల్ వాల్వులు, వాటి మధ్య రెండు టీలు, అంటే మూడు మూతుల పైపు ఫిట్టింగులు. ఈ టీలకు చిన్న పంపు, సిట్రిక్ యాసిడ్ బకెట్ తగిలిస్తే మెషీన్ విప్పకుండా సున్నం కడగొచ్చు. రెండు వందల రూపాయల టీలు మానేసి, తర్వాత మెషీన్ దింపి కడిగే పనులు చాలా చూశాను. ట్యాంకు నుంచి గాలి పోవడానికి వెంట్ పైపు, మున్సిపాలిటీ ట్యాంకు నీటి మట్టం కంటే రెండడుగులు పైకి. కింది అంతస్తు కుళాయిలో వేడి రావడానికి రెండు బకెట్ల చన్నీళ్లు వృథా పోకుండా, పైపులో చల్లారిన నీళ్లను తిరిగి ట్యాంకుకు తెచ్చే రిటర్న్ లైను, దానికో చిన్న పంపు. అది రోజంతా తిరిగితే ట్యాంకు మొత్తం కలిసి గోరువెచ్చగా అయిపోతుంది కాబట్టి టైమర్ మీద ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకే.

డిసెంబర్ రెండో వారం: మొదటి రన్

మధ్యాహ్నం, గాలి 29 డిగ్రీలు. 1,000 లీటర్లు 24 నుంచి 55 కి. మూడున్నర గంటలు పట్టింది, సబ్ మీటరులో 9.6 యూనిట్లు. నీళ్లలోకి పోయిన వేడి 36 యూనిట్లు. అంటే ఒకటికి 3.75. మా పిల్లగాడు ఫ్యాన్ ముందు నిలబడి "ఏసీ లెక్కనే కొడుతుందన్నా" అని చొక్కా ఆరబెట్టుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత: చల్లారిన నీళ్లు

వార్డెన్ ఫోన్. పొద్దున ఆరింటికే రెండో అంతస్తులో గోరువెచ్చటి నీళ్లు, రాత్రంతా మెషీన్ ఆగకుండా నడిచింది. ఏసీ వాడి బుర్ర నేరుగా గ్యాస్ మీదకు పోతుంది. గేజ్ పెట్టకుండా ముందు డాబా ఎక్కి చూశాను. వెంట్ పైపు మూతి నుంచి సన్నటి ధార. కింద స్లాబు మీద నీళ్లు నిలిచి ఆవిరి లేస్తోంది.

వెంట్ నుంచి నీళ్లు రావాలంటే దానికంటే ఎత్తు నుంచి ఏదో తోయాలి. మున్సిపాలిటీ ట్యాంకు మట్టం దానికి రెండడుగులు కింద ఉంది, అది తోయలేదు. డాబా మీద అంతకంటే ఎత్తున ఉన్నది బోరు ట్యాంకు ఒక్కటే. జేబులో టీడీఎస్ మీటరు ఉండనే ఉంది. వేడి ట్యాంకు పక్క కుళాయి నుంచి గ్లాసుడు నీళ్లు పట్టి చల్లార్చి ముంచాను. 310 ఉండాల్సినవి 640. బోరు నీళ్లు ఎక్కడో వేడి లైనులో దూరుతున్నాయి.

ఎక్కడ? రెండో అంతస్తు తర్వాత కట్టింది, అక్కడ మాత్రం వాల్ మిక్సర్లు ఉన్నాయి. వేడి ఒక పక్క, చల్ల ఒక పక్క, మధ్యలో మూతి. ఒక్కో బాత్రూమూ చూసుకుంటూ పోతే చివరిదాంట్లో దొరికింది. మిక్సర్ మూతి ఎప్పుడో విరిగితే ఎవరో అక్కడ ఎండ్ ప్లగ్ కొట్టేశారు. నాబ్‌లు రెండూ పూర్తిగా తెరిచి ఉన్నాయి. బయటికి దారి లేదు కాబట్టి చుక్క కారదు, ఎవరికీ అనుమానం రాదు. గీజర్ల కాలంలో వేడి, చల్ల రెండు లైన్లూ బోరు ట్యాంకు నుంచే వచ్చేవి, ప్రెషర్ ఒకటే కనుక చెల్లింది. ఇప్పుడు బోరు ట్యాంకు మీటరున్నర పైన ఉంది. ఆ మిక్సర్ గుండా బోరు నీళ్లు వేడి లైనులోకి దూరి, పైకెక్కి, ట్యాంకు నెత్తిన వేడినీళ్లలో కలిసి, వెంట్ నుంచి పోతున్నాయి. మెషీన్ పాపం కాచిందే కాస్తోంది.

ఆ మిక్సర్ తీసేసి రెండు కుళాయిలు పెట్టాం. మిగతా మిక్సర్లకు వేడి, చల్ల రెండు పక్కలా ఎన్ఆర్‌వీలు, అంటే నీళ్లను ఒకే వైపు పోనిచ్చే వాల్వులు, కావాలి. సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అయ్యాక గోడలు తవ్వకుండా యాంగిల్ వాల్వుల దగ్గరే వేసేశాం. గ్యాస్ గేజ్ ఈ పనిలో పెట్టె నుంచి బయటికి రానే లేదు.

జనవరి

హాస్టల్ ఖాళీగా ఉన్నప్పుడే ఇంకో పరీక్ష. తెల్లవారుజామున నాలుగింటికి, గాలి 15 డిగ్రీలు ఉండగా, 20 నుంచి 55 కి కాచి చూశాం. 14 యూనిట్లు. లెక్క కడితే ఒకటికి 2.9. మధ్యాహ్నం వచ్చింది 3.75. మన చలికాలంలో మధ్యాహ్నానికీ తెల్లారుజాముకీ ఇంత తేడా ఉన్నప్పుడు తెల్లారుజామున కాచడం ఎందుకు? టైమర్ మార్చాం. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలై ఐదింటికల్లా ట్యాంకు 55 కి చేరుతుంది. ట్యాంకు చుట్టూ రెండంగుళాల పఫ్ (నురుగు) ఇన్సులేషన్ ఉంది కాబట్టి పొద్దున దాకా పోయేది రెండు, మూడు డిగ్రీలు. పొద్దున ఐదున్నర తర్వాత స్నానాలు నడుస్తుండగా వేసే 600 లీటర్లు మాత్రమే చలిలో కాస్తుంది. ఇంగ్లండ్‌లో ఉన్న మావాడికి ఇది చెబితే నవ్వాడు. వాళ్లకు తెల్లారుజామున కాయిల్ మీద మంచు గడ్డకట్టి, మెషీన్ ఉల్టా తిరిగి దాన్ని కరిగించుకోవాలి. మనకు ఆ బాధ లేదు. మేలో మాత్రం మధ్యాహ్నం పూట మెషీన్‌కు రెస్టు, రాత్రికి మార్చాలి.

వారానికోసారి, ఆదివారం, బ్యాకప్ రాడ్డుతో ట్యాంకును 60 దాటిస్తున్నాం. నిల్వ ఉన్న గోరువెచ్చటి నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ వేడికి చస్తుంది. రోజూ 60 పెడితే సున్నం, ఎప్పుడూ పెట్టకపోతే ఇది. వారానికోసారి రాజీ.

ఒక పొద్దున మెషీన్ ఎర్ర లైటు వేసి మొండికేసింది. రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో పని జరిగింది, మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి. స్క్రోల్ కంప్రెసర్ ఉల్టా తిరిగితే ఖతం, ఫేజ్ సీక్వెన్స్ రిలే ఉండబట్టి ఆపేసింది. రెండు వైర్లు మార్చాం, ఐదు నిమిషాల పని. అదే సమయంలో హాస్టల్ బోరు మోటారు కూడా ఉల్టా తిరుగుతోందని ఎవరికీ తెలియలేదు. నీళ్లు తక్కువ వస్తున్నాయి అనుకున్నారట.

లెక్కలకొస్తే, గీజర్లు తీయకముందు ఆ లైను మీద సబ్ మీటరు పెట్టి చూసినప్పుడు చలి రోజుల్లో 62 నుంచి 68 యూనిట్లు తిరిగేది. ఇప్పుడు 19 నుంచి 21. కమర్షియల్ మీటరు, యూనిట్ పది రూపాయల చుట్టూ పడుతుంది, అంటే రోజుకు నాలుగు వందల యాభై. మేడం సూటిగా అడిగింది: "పెట్టిన పైసలు ఎప్పుడొస్తయి?" పంజరం, పైపులు అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటింది. ఇదే మెషీన్ చలి దేశంలో రెండు మూడేళ్లలో తిరిగొస్తుందేమో గానీ, మనకు గట్టి చలి నాలుగు నెలలే. ఐదారేళ్లు పడుతుందని చెప్పాను. గీజర్ రిపేర్లు, ట్రిప్పులు లెక్కేస్తే ఇంకొంచెం ముందు. రెండేళ్లలో వస్తాయని బ్రోషర్‌లో ఉందే అంది. బ్రోషర్ ఊటీ హోటల్ కోసం రాసి ఉంటారు మేడం అన్నాను.

మిగిలిన పనులు: ఫిబ్రవరి చివర మొదటి యాసిడ్ వాష్, ఎంత సున్నం వస్తుందో తూకం వేసి చూడాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం యానోడ్ కడ్డీని అప్పుడే విప్పి ఎంత కరిగిందో చూడాలి. ఫ్యాన్ నుంచి వచ్చే చల్లగాలిని రేకు డక్టుతో కింద వంటగదికి మళ్లించమని మేడం అడుగుతోంది. ఎండాకాలం రాత్రి నడిచే మెషీన్ చల్లగాలి మధ్యాహ్నం వంట చేసే అక్కలకు ఎట్లా పనికొస్తుందో నాకైతే తోచలేదు. ఉదయం టిఫిన్ టైముకు ఒక గంట నడిపి చూద్దాం అన్నాను.

మహబూబ్‌నగర్ నుంచి ఒక లాడ్జి ఓనర్ ఫోన్ చేశాడు, ఎన్ని లీటర్ల మెషీన్ కావాలో రేటు చెప్పమన్నాడు. ముందు వచ్చి డాబా మీద ట్యాంకులు ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తానన్నాను. "మెషీన్ అడిగితే ట్యాంకులెందుకన్నా?" అన్నాడు. టేపు, టీడీఎస్ మీటరు, హార్డ్‌నెస్ కిట్ తీసుకుని సోమవారం పోతున్నాం.